కెమేరా గ్రిప్పులో విద్యుత్తు నిలిచినపుడు

ఎద్దు ఈనినదనగానే దూడను గాట కట్టుమన్నట్లు, యంత్రము నిలిచినదనగానే కారణము విచారింపక తీర్పు చెప్పుట లోకములో సాధారణముగ నున్నది. కెమేరా విషయమున నీ తొందరపాటు మఱింత హెచ్చు. చిత్రములు తీయుచుండగా నది యాఱిపోయినచో, ఒకరు బ్యాటరీ చచ్చినదందురు. ఒకరు కెమేరాయే చెడినదందురు. మూడవవారు, చివర దానినెవడు పట్టుకొనెనో వాడే చెఱిపెనందురు. ఈ మూడు తీర్పులలో మొదటిదానివలన పనికివచ్చు బ్యాటరీ పాఱవేయబడును. రెండవదానివలన వేలకొలది రూపాయలు వ్యర్థమగును. మూడవదానివలన నిర్దోషి నిందపాలగును.

మా పాఠశాలలో వార్షికోత్సవమునకును ఆటల పోటీలకును ఛాయాచిత్రములు తీయు పని ఛాయాచిత్ర సంఘమునకు చెందిన విద్యార్థులది. తల్లిదండ్రులలో నీ వృత్తిచేతనే కుటుంబమును పోషించుకొనువారును గలరు. పెండ్లిలో మంగళసూత్రము కట్టు క్షణముగాని, బహుమాన మందుకొను బాలిక మొగమునందలి నవ్వుగాని, కెమేరా బాగుపడు వఱకు నిలిచియుండదు. కావున బ్యాటరీ గ్రిప్పు తగిలించిన కెమేరాలలో విద్యుత్తు ఏల నిలుచునో, నిలిచినపుడు లోపమెక్కడ నున్నదో క్రమముగ నెట్లు కనుగొనవలెనో యీ వ్యాసమున వివరింప దలచితిమి. మేము చెప్పదలచిన సార మొక్కటే: లోపము తఱచుగ వస్తువులలో గాక వస్తువులు కలియు చోట్ల నుండును, దానిని ఊహచేత గాక, ఒక్కొక్క మార్పు చేసి చూచుటచేత పట్టవలెను.

గ్రిప్పు అననేమి?

బ్యాటరీ గ్రిప్పు కెమేరా యడుగున బిగింపబడు పెట్టెవంటి సాధనము. కెమేరాను మూడుకాళ్ల స్టాండునకు బిగించుటకై దాని యడుగున మరగల రంధ్ర మొకటి యుండును. గ్రిప్పునందలి స్క్రూ ఆ రంధ్రముననే యెక్కును. దీనివలన ప్రయోజనములు రెండు. రెండు బ్యాటరీలకు చోటుండుటచే నెక్కువసేపు పనిచేయవచ్చును. కెమేరాను నిలువుగ త్రిప్పి పట్టినపుడు చేతి కందునట్లు పట్టును, వేఱొక షట్టరు మీటయు సాధారణముగ నుండును.

ఈ యాలోచన క్రొత్తది కాదు. 1980లో వెలువడిన నికాన్ ఎఫ్-3 అను ఫిల్ము కెమేరాకు ఎం.డి.-4 అను మోటారు సాధనమును అడుగున బిగించెడివారు. అందలి ఎనిమిది సెల్లులు ఫిల్మును త్రిప్పుటయేగాక కెమేరాకును విద్యుత్తు నిచ్చెడివి. నేటి గ్రిప్పులు ఆ వంశమునకు చెందినవే. ఫిల్మును త్రిప్పు పని పోయినది; విద్యుత్తు నందించు పని మిగిలినది.

గ్రిప్పులలో ముఖ్యముగ రెండు జాతులు గలవు. 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 కెమేరాకు బి.జి.-ఇ6 అను గ్రిప్పు ఏర్పడినది. దీనిని తగిలించుటకు ముందు కెమేరాలోని బ్యాటరీని తీసి, బ్యాటరీగది మూతను గూడ ఊడదీయవలెను. గ్రిప్పునుండి పైకి నిలిచిన కాడ యొకటి ఖాళీయైన ఆ గదిలో దూఱి, బ్యాటరీ యుండవలసిన చోట తాను నిలిచి, క్రిందనున్న బ్యాటరీల విద్యుత్తును కెమేరాకు చేర్చును. 2007లో వచ్చిన నికాన్ డి-300 కెమేరాకు ఎం.బి.-డి10 అను గ్రిప్పు ఏర్పడినది. దీనికి కాడ లేదు. కెమేరాలోని బ్యాటరీ తన చోటనే యుండవచ్చును. కెమేరా యడుగున రబ్బరు మూతక్రింద దాగియున్న కాంటాక్టులను గ్రిప్పు పైభాగమునందలి కాంటాక్టులు తాకి పని జరుగును. కాంటాక్టు లనగా విద్యుత్తు ఒక వస్తువునుండి మఱియొక వస్తువునకు దాటుటకై యుంచిన లోహపు బిళ్లలును మొనలును. ఈ రెండు కెమేరాలను ఉదాహరణములుగ గైకొన్నచో తక్కినవాటిని తెలిసికొనుట సులభము.

విద్యుత్తు నడచు బాట

బ్యాటరీ కెమేరా గదిలోనే యున్నపుడు విద్యుత్తు దాటవలసిన కూడలి యొక్కటియే. బ్యాటరీ కాంటాక్టులు గదిలోని కాంటాక్టులను తాకును, అంతటితో సరి. కాడగల గ్రిప్పును తగిలించినపుడో, బ్యాటరీనుండి సొరుగునకు, సొరుగునుండి గ్రిప్పునకు, గ్రిప్పులోని తీగలగుండ కాడకు, కాడనుండి కెమేరాకు విద్యుత్తు నడువవలెను. ఒక్క కూడలి యుండిన చోట మూడు కూడలు లేర్పడినవి. కాలువనీరు గట్టు నడుమ కంటె తూముల యొద్దనే హెచ్చుగ కారునట్లు, విద్యుత్తు గూడ నీ కూడళ్లలోనే హెచ్చుగ నష్టపడును.

టార్చిలైటు ఎఱుగని బాలుడుండడు. వెలుగు తగ్గినపుడు దానిని అరచేతిపై తట్టినచో మరల వెలుగుట మనమందఱము చూచినదే. తట్టుటచేత సెల్లులో క్రొత్తబలము పుట్టలేదు. సెల్లునకును స్ప్రింగునకును నడుమనున్న మాలిన్యము కొంచెము తొలగి దారి యేర్పడినది. కెమేరాలో జరుగునదియు నిదియే.

అయినను ఒక సందేహము కలుగును. మీట వేయగానే కెమేరా మేలుకొని, తెరపై బ్యాటరీ నిండుగ నున్నట్లు చూపి, షట్టరు నొక్కగానే యేల ఆఱిపోవును? దీనికి 1827లో జర్మను పండితుడైన ఓము ప్రకటించిన సూత్రమే సమాధానము. విద్యుత్ప్రవాహమును దారిలోని నిరోధముచే గుణించినచో, ఆ దారిలో నష్టమగు వోల్టులు వచ్చును. లెక్కకై యొక యుదాహరణము గైకొందము. బ్యాటరీలో 7.2 వోల్టులున్నవి, మాసిన కాంటాక్టులో అర ఓము నిరోధమున్నది. కెమేరా ఊరక మేలుకొనియున్నపుడు 0.1 ఆంపియరు మాత్రము లాగుచున్నదనుకొన్నచో నష్టము 0.05 వోల్టు, ఇది లెక్కకు రాదు. లెన్సును కదల్చి, అద్దమును లేపి, షట్టరును విడుచు క్షణమున 2 ఆంపియరులు లాగినచో నష్టము 1 వోల్టు. కెమేరాకు చేరునది 6.2 వోల్టులే. బ్యాటరీ చివరిదశలో నున్నదని కెమేరా భ్రమించి తన్నుతాను నిలిపివేసికొనును. ప్రవాహము తగ్గగానే వోల్టులు మరల పూర్వస్థితికి వచ్చును. అందుచేత బ్యాటరీని తీసి కొలిచినచో నిండుగనే కనబడును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత యీ లోపమునకు చక్కగ సరిపోవును. దొంగ పని చేయుచున్నపుడే వానిని పట్టవలెను.

పరీక్షా క్రమము

పరీక్షకు నియమములు రెండు. ఒకమాఱు ఒక్క మార్పే చేయవలెను. ప్రతి మార్పు తరువాత కలిగిన ఫలితమును కాగితముపై వ్రాసికొనవలెను. బ్యాటరీని మార్చి, స్క్రూను బిగించి, కాంటాక్టులను తుడిచి, అన్నియు నొక్కసారిగ చేసినచో కెమేరా బాగుపడవచ్చునుగాని, యేది లోపమో తెలియదు. తెలియని లోపము మరల అక్కఱ వేళనే తలయెత్తును.

మొదటి పరీక్ష. గ్రిప్పును పూర్తిగ తీసివేసి, కెమేరాలో బాగుగ ఛార్జి చేసిన బ్యాటరీ నొకదానిని పెట్టి, మూత వేసి, పది పదునైదు చిత్రములు తీయవలెను. మూతయు సరిగ పడవలెను. ఏలయన, పెక్కు కెమేరాలలో బ్యాటరీగది మూత తెఱచియున్నచో విద్యుత్తును నిలుపు చిన్న మీట యుండును. కొన్ని కెమేరాలలో మెమరీకార్డు నుంచు గదికిని ఇట్టి యేర్పాటు కలదు. ఇంతమాత్రముచేత కెమేరా చక్కగ పనిచేసినచో కెమేరాయు, ఆ బ్యాటరీయు నిర్దోషులని తేలును. ఇక విచారణ గ్రిప్పునకు పరిమితము. గ్రిప్పు లేకయు కెమేరా పనిచేయనిచో మఱియొక బ్యాటరీతో చూడవలెను. లెన్సును తీసియు చూడవలెను. లెన్సు కాంటాక్టులు మాసినను కెమేరా పని నిలుపుట కలదు. కానన్ కెమేరాలలో తెరపై ఎఱ్ఱర్ 01 అని కనబడినచో, కెమేరాకును లెన్సునకును నడుమ సమాచారము తెగినదని యర్థము. అది బ్యాటరీ దోషము కాదు.

రెండవ పరీక్ష. కెమేరా మీటను ఆపి, గ్రిప్పును మరల తగిలింపవలెను. కాడగలదైనచో కాడ నిటారుగ గదిలో దూఱుచున్నదా, నికాన్ జాతిదైనచో రబ్బరుమూత తీసితిమా యని చూడవలెను. పిమ్మట బిగింపుచక్రమును వ్రేళ్లతో నిండుగ త్రిప్పవలెను. కెమేరాకును గ్రిప్పునకును నడుమ పలుచని కాగితము దూఱు సందు కూడ నుండరాదు. పటకారుతో బిగించుట తగదు. అట్లు చేసినచో మర అరిగిపోవును. మాకు కనబడిన లోపములలో పెక్కులు ఈ చక్రము వదులగుటవలన కలిగినవే. కెమేరాను స్టాండుపై నిలిపినపుడును, బరువైన లెన్సును పెట్టినపుడును, మెడలో వ్రేలాడగట్టుకొని నడచినపుడును చక్రము క్రమక్రమముగ వదులగును.

మూడవ పరీక్ష. రెండు బ్యాటరీలకు అ, ఆ అని గుఱుతులు పెట్టవలెను. బి.జి.-ఇ6 వంటి గ్రిప్పు ఒక్క బ్యాటరీతోను పనిచేయును గాన, నాలుగు ప్రయోగములు చేయవచ్చును: అ ఎడమగదిలో, అ కుడిగదిలో, ఆ ఎడమగదిలో, ఆ కుడిగదిలో. అ అను బ్యాటరీ రెండుగదులలోను తప్పి, ఆ రెండింటను నెగ్గినచో దోషము అ బ్యాటరీది. రెండు బ్యాటరీలును ఎడమగదిలోనే తప్పినచో దోషము ఆ గదిది. నాలుగు ప్రయోగములును తప్పినచో దోషము రెండు గదులకును ఉమ్మడియైన చోట, అనగా సొరుగు గ్రిప్పును తాకు చోటనో, లోపలి తీగలలోనో, కాడలోనో యుండును. నాలుగును నెగ్గినచో లోపము కదలికవలన కలుగుచున్నది. అపుడు కెమేరాను నిలువుగను అడ్డముగను త్రిప్పుచు, లెన్సు బరువును చేతితో మోయుచు, వదలుచు చూడవలెను. ఏ స్థితిలో ఆఱునో ఆ స్థితిలో ఏ సందు తెఱచుకొనుచున్నదో వెదకవలెను.

ఈ సందర్భమున మా సంఘములో జరిగిన యొక సంగతి చెప్పుదుము. ఆటల పోటీలనాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి చేతిలో కెమేరా మాటిమాటికి ఆఱిపోవుచుండెను. వాడు క్రింద పడవేసెనని కొందఱు తోడి విద్యార్థు లనిరి. వాడు కన్నీరు పెట్టుకొనెను. సంఘమువారము ఎవరిని నేమియు ననక, పై క్రమమున పరీక్షించితిమి. గ్రిప్పు లేకుండ కెమేరా పనిచేసెను. బల్లపై నుంచి చేసిన నాలుగు ప్రయోగములును నెగ్గెను. కెమేరాను నిలువుగ త్రిప్పి గ్రిప్పుతో పట్టినపుడు మాత్రము, పొడుగు లెన్సు బరువునకు సందు తెఱచుకొని, విద్యుత్తు తెగుచుండెను. బిగింపుచక్రము ఒకటిన్నర చుట్టు వదులుగ నుండెను. దానిని బిగించిన పిమ్మట సాయంకాలము వఱకు ఆటంకము లేక చిత్రములు వచ్చినవి. ఆ బాలునిపై నిందయు తొలగెను. పావుగంట విచారణ చేయనిచో ఆ నింద వానివెంట ఏండ్లతరబడి నడచియుండును.

చిన్న సెల్లులు వాడునపుడు

పెక్కు గ్రిప్పులలో, గోడగడియారములకు వాడు ఏ-ఏ పరిమాణపు సెల్లులనుంచుటకు వేఱొక సొరుగు నిత్తురు. బి.జి.-ఇ6లో ఆఱు, ఎం.బి.-డి10లో ఎనిమిది సెల్లులు పట్టును. ఇవి వరుసగ కలుపబడును గాన వోల్టులు కూడుకొనును, 1.5 వోల్టుల ఆల్కలైను సెల్లులు ఆఱు చేరినచో 9 వోల్టులు. వీనిలో నొకటి తలక్రిందుగ పడినచో, దాని 1.5 వోల్టులు కూడకపోవుటయేగాక, తక్కినవానినుండి 1.5 తీసివేయబడును, మిగులునవి 6 మాత్రమే. కావున సొరుగుపై గీసిన గుఱుతులను చూచి ప్రతి సెల్లును సరిచూడవలెను.

సెల్లుయొక్క లోపల గూడ నిరోధముండును. ఆల్కలైను సెల్లు ఒక్కొక్కదానిలో 0.2 ఓము ఉన్నదనుకొన్నచో ఆఱింటికి 1.2 ఓములు; 2 ఆంపియరులు లాగినపుడు 2.4 వోల్టులు లోపలనే పోవును. గడియారమును ఏడాది నడుపు సెల్లు కెమేరాను నడుపలేక పోవుట యిందువలననే. మరల ఛార్జి చేయదగిన నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లులు 1.2 వోల్టులవే యైనను లోపలి నిరోధము తక్కువగుటచే హెచ్చుగ నిలుచును. క్రొత్త సెల్లులను పాతవానితోను, ఒక జాతిని మఱియొక జాతితోను కలుపరాదు. బలహీనమైన సెల్లొకటి వరుసనంతటిని క్రిందికి లాగును.

నికాన్ డి-300లో నింకొక సంగతి గమనింపవలెను. ఎం.బి.-డి10లో ఏ-ఏ సెల్లులు పెట్టినపుడు, అవి యే జాతివో కెమేరా మెనూలో తెలుపవలెను. గ్రిప్పునందలి బ్యాటరీని ముందు వాడవలెనా, కెమేరాలోనిదానిని ముందు వాడవలెనా యనునదియు మెనూలోనే నిర్ణయింపవచ్చును. ఈ సంగతి తెలియనివారు ఒక బ్యాటరీ నిండుగనే యుండి రెండవది ఖాళీయగుట చూచి గ్రిప్పు చెడినదందురు. అది చెడలేదు, ఆజ్ఞ ప్రకారము నడచుచున్నది.

లోపము కాని లోపములు

కొన్నిటిని లోపములని భ్రమింతురు. గ్రిప్పునందలి షట్టరు మీట పనిచేయక, కెమేరా మీట పనిచేసినచో, విద్యుత్తు చక్కగ చేరుచున్నదన్నమాట. బి.జి.-ఇ6 మొదలగు కానన్ గ్రిప్పులపై నున్న చిన్న మీట ఆ గ్రిప్పు బొత్తాములకు మాత్రమే సంబంధించినది. దానిని ఆపియుంచినచో బొత్తాములు పలుకవు. ఎం.బి.-డి10లోను షట్టరు మీటచుట్టు తాళమువంటి యేర్పాటున్నది. నికాన్ జడ్-6 కెమేరాకు వచ్చిన ఎం.బి.-ఎన్10 అను గ్రిప్పులో షట్టరు మీటయే లేదు. అది బ్యాటరీలను మోయుటకు మాత్రమే యేర్పడినది.

వేగమును గూర్చియు నిట్లే. డి-300 ఒంటరిగ క్షణమునకు 6 చిత్రములు తీయును, ఎం.బి.-డి10లో ఎనిమిది ఏ-ఏ సెల్లులనుగాని ఇ.ఎన్.-ఇ.ఎల్.4ఎ అను పెద్ద బ్యాటరీనిగాని పెట్టినచో 8 వఱకు తీయును. మామూలు బ్యాటరీయే పెట్టినచో వేగము పెరుగదు. 5డి మార్క్ 2కు ఏ గ్రిప్పు పెట్టినను వేగము పెరుగదు. కొంతసేపు ముట్టకున్నచో కెమేరా తానే నిద్రపోవుటయు లోపము కాదు. షట్టరు మీటను సగము నొక్కినచో అది మేలుకొనును.

బ్యాటరీయొక్క ఆరోగ్యము

లిథియం-అయాను బ్యాటరీలను 1991లో సోనీ సంస్థవారు మొదట విపణికి తెచ్చిరి. వీని నిర్మాణమునకు పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. 5డి మార్క్ 2లో వాడు ఎల్.పి.-ఇ6 బ్యాటరీ 7.2 వోల్టులది; 1800 మిల్లీ ఆంపియరు గంటల సామర్థ్యము గలది. ఈ కెమేరా మెనూలో బ్యాటరీ సమాచారమను పుటను తెఱచినచో ఎంత శాతము మిగిలినదో, ఎన్ని చిత్రములు తీసితిమో, ఛార్జిని నిలుపుకొను శక్తి యెట్లున్నదో తెలియును. మూడు పచ్చని గుఱుతులున్నచో ఆరోగ్యము. ఎఱ్ఱని గుఱుతు వచ్చినచో క్రొత్తది కొనవలసిన కాలము వచ్చినది.

ఇట్టి బ్యాటరీలలో విద్యుత్తునకు వలయు కాంటాక్టులేగాక సమాచారమునకు వేఱు కాంటాక్టులు గలవు. అవి మాసినను, బ్యాటరీ వేఱొకరు చేసినదైనను, బ్యాటరీతో సంభాషింప వీలుకాలేదని కెమేరా తెలుపవచ్చును. అపుడు మొదట తుడిచి చూచి, పిమ్మట బ్యాటరీని శంకింపవలెను.

రాత్రి నిండుగ నున్న బ్యాటరీ తెల్లవాఱుసరికి తగ్గినచో, ఒక రాత్రి గ్రిప్పులోను, మఱునాటి రాత్రి గ్రిప్పు లేని కెమేరాలోను ఉంచి శాతములను పోల్చవలెను. గ్రిప్పులో నున్నపుడే తగ్గినచో, గ్రిప్పు ఊరక విద్యుత్తును త్రాగుచున్నది. దానిని మరమ్మతునకు పంపువఱకు, పని ముగియగానే బ్యాటరీలను తీసివేయుట మంచిది.

మన దేశకాలములును తలచుకొనదగినవి. 5డి మార్క్ 2ను 0 మొదలు 40 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వేడిమిలో వాడవలెనని దాని తయారీదారులు తెలిపిరి. పల్నాటి రెంటచింతల ప్రాంతమున వేసవిలో నీడలోనే అంతకు మించిన వేడిమి యుండును. ఎండలో నిలిపిన కారులో బ్యాటరీల నుంచరాదు. మచిలీపట్నము, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి తేమవలన కాంటాక్టులు త్వరగ మాయును. అచ్చటివారు నెలకొకమాఱైన వానిని చూడవలెను.

శుభ్రము చేయు విధము

ముందు బ్యాటరీలను తీసివేయవలెను. పొడియైన మెత్తని నూలుగుడ్డతో కాంటాక్టులను తుడువవలెను. తొంబదిపాళ్లు ఇంతటితో సరిపోవును. మఱక పోనిచో ఐసోప్రొపైలు ఆల్కహాలులో దూదిపుల్లను కొంచెము తడిపి తుడిచి, పూర్తిగ ఆఱిన పిమ్మటనే బ్యాటరీ పెట్టవలెను. గరుకుకాగితము, కత్తిమొన, కొబ్బరినూనె, కిరసనాయిలు వాడరాదు. కాంటాక్టులపై పూసిన లోహపుపొర మిక్కిలి పలుచన. గీకినచో అది పోయి, మాలిన్యము ముందుకంటె త్వరగ పట్టును. ఆల్కలైను సెల్లులు కారి తెల్లని పొడి పట్టియున్నచో, అది చర్మమునకును కన్నులకును హాని చేయునది గాన పెద్దలే ఆ సొరుగును విడిగ తీసి శుభ్రపఱుపవలెను.

ఎక్కడ ఆగవలెను?

విచారణ యెంత మంచిదైనను దానికి హద్దు గలదు. ఉబ్బిన బ్యాటరీని సొరుగులో బలవంతముగ దూర్పరాదు, గ్రుచ్చరాదు, ఛార్జి చేయరాదు, నిప్పులో వేయరాదు. లిథియం బ్యాటరీ లోపల తగులుకొన్నచో నిప్పు పుట్టును. ఇంటి చెత్తతో కలుపరాదు. 2022లో భారత ప్రభుత్వమువారు చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిపైనున్నది. కావున సేకరణ కేంద్రమునకో, ఎలక్ట్రానిక్ వ్యర్థములను గైకొనువారికో యీయవలెను.

కెమేరాను విప్పుట విద్యార్థుల పని కాదు. ఫ్లాషుగల కెమేరాలలో దాని కెపాసిటరు, బ్యాటరీ తీసిన తరువాతను, సుమారు 300 వోల్టులను నిలుపుకొనవచ్చును. గ్రిప్పులో మొన వంగినను, లోపలి ఫ్యూజు కాలినను, తీగ తెగినను మరమ్మతుదారునకే చూపవలెను. అయితే చేసిన పరీక్షల ఫలితములు వ్రాసిన కాగితమును వెంట తీసికొనిపోవలెను. "పనిచేయుట లేదు" అని చెప్పుటకును, "రెండు బ్యాటరీలును కుడిగదిలో పనిచేయును, ఎడమగదిలో చేయవు" అని చెప్పుటకును ఎంతయో వ్యత్యాసము గలదు. రెండవమాట విన్న మరమ్మతుదారునకు సగము పని తీఱినట్లే. ఇచ్చువారికి ఖర్చును తగ్గును.

ముఖ్యమైన ఉత్సవమునకు ముందురోజు సాయంకాలమే యీ పనులు చేసికొనవలెను: బ్యాటరీలను ఛార్జి చేయుట, కాంటాక్టులను తుడుచుట, బిగింపుచక్రమును చూచుట, గ్రిప్పుతోడనే ఇరువది చిత్రములు తీసి చూచుట. తీసివేసిన బ్యాటరీగది మూతను గూడ సంచిలో వేసికొనవలెను, బి.జి.-ఇ6లో దానినుంచుటకు చోటు కలదు. గ్రిప్పు మొరాయించినచో దానిని విప్పి, బ్యాటరీని కెమేరాలోనే పెట్టి, మూతవేసి పని కొనసాగింపవచ్చును. మూత ఇంటివద్ద మఱచినవానికి ఆ మార్గము మూసికొనిపోవును.

సందు వదులైనదానికి క్రొత్త కెమేరా కొనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమువంటిది. ఈ పరీక్షాక్రమము కెమేరాకు మాత్రమే చెందినది కాదు. ఇంటిలో దీపము వెలుగనపుడును, బోరింగు నీరు రానపుడును, సైకిలు దీపము ఆఱినపుడును, మొదటినుండి చివరవఱకు బాటను మనసున గీసికొని, బాగున్నదానిని బాగున్నదని ఒక్కొక్కటిగ తేల్చుకొనుచు పోయినచో, దోషము తనంతట తానే మిగిలి కనబడును. వస్తువు చెడెనని గాని, మనుష్యుడు చెఱిపెనని గాని పలుకుటకు ముందు ఆ పావుగంట శ్రమ పడుట యెల్లవారికి అలవడునుగాక.